విశాఖలో క్లినికల్ ట్రయల్స్ యూనిట్‌లో కోఆర్డినేటర్ ఉద్యోగం వచ్చింది, చేరొచ్చా?

అనకాపల్లి_అమ్మాయి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి. ఈ ఏడాదే ఫార్మ్‌డీ (ఆరేళ్ల ఫార్మసీ చదువు) పూర్తయింది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ, క్వాలిటీ విభాగం. కంపెనీ బస్సు మా ఊరి దాకా వస్తుంది. రెండోది విశాఖలో ఒక బోధనాసుపత్రికి చెందిన క్లినికల్ ట్రయల్స్ (మందుల్ని రోగులపై పరీక్షించి చూసే) యూనిట్‌లో స్టడీ కోఆర్డినేటర్. ఇందులో జీతం నెలకు ఆరు వేలు తక్కువ, పైగా రెండేళ్ల కాంట్రాక్టే.

నా మనసు రెండోదాని మీదే ఉంది. కానీ అక్కడ రోజూ చేసే పని ఏంటో సరిగ్గా తెలియట్లేదు. ఇంటర్వ్యూకి గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్స్ నడిపే నియమాలు) మొత్తం చదువుకుని వెళ్తే దాని గురించి రెండు ప్రశ్నలడిగి వదిలేశారు. తర్వాత "ఫోన్లో పెద్దవాళ్లతో ఓపిగ్గా మాట్లాడగలవా? పాడేరు వైపు వెళ్లాల్సొస్తే వెళ్తావా?" అని అడిగారు. ఇదేం ఇంటర్వ్యూ అనిపించింది.

నాన్న "ఆరేళ్లు చదివి ఆసుపత్రిలో ఫైళ్లు మోస్తావా" అంటున్నారు. నాయనమ్మ అయితే "పేదోళ్ల మీద మందులు పరీచ్చ సేస్తారట, ఆ పాపం మనకెందుకే" అంటోంది. నాన్నకి ఏదో ఒకటి చెప్పగలను. నాయనమ్మ మాటకే నా దగ్గర జవాబు లేదు, రెండు రోజులుగా అదే టెన్షన్. శుక్రవారం లోపు నా నిర్ణయం చెప్పాలి. ఆ పనిలో ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పెద్దవాల్తేరు_అక్క

చెల్లీ, నిన్ను ఫోన్ గురించి అడిగినవాళ్లు పని తెలిసినవాళ్లు. నేను 2013 నుంచి విశాఖలోనే ఈ ఉద్యోగంలో ఉన్నాను. "నువ్వు" అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు, మా యూనిట్‌లో చేరే పిల్లలందరూ నీ వయసువాళ్లే.

పొద్దున పని ఓపీలో మొదలవుతుంది. వచ్చినవాళ్లలో మన స్టడీకి సరిపోయేవాళ్లెవరో చూడాలి. వయసు, షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఇప్పటికే వాడుతున్న మాత్రలు అన్నీ చూడాలి. ముప్ఫై నలభై కేసు షీట్లు తిరగేస్తే ఒక్కరు దొరికిన రోజు మంచి రోజు. సరిపోనివాళ్లను ఎందుకు తీసుకోలేదో కూడా రిజిస్టర్లో రాయాలి.

తర్వాత సమ్మతి. నా దృష్టిలో ఉద్యోగంలో సగం బరువు ఇక్కడే ఉంది, మీ నాయనమ్మ ప్రశ్నకి జవాబూ ఇక్కడే ఉంది. రోగికి ఇచ్చే సమాచార పత్రం ముందు ఇంగ్లీషులో తయారవుతుంది. దాన్ని తెలుగు చేస్తారు. ఇంకొకరు ఆ తెలుగుని చూసి మళ్లీ ఇంగ్లీషు చేస్తారు, అర్థం మారలేదని తేలాక, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తుంది. నేను చేరిన కొత్తలో మా పత్రంలో "యాదృచ్ఛికీకరణ" అని ఉండేది, అంటే ఎవరికి ఏ మందో ఎవరూ ఎంచుకోకుండా తేల్చడం. పెందుర్తి నుంచి వచ్చిన ఒకావిడ అంతా శ్రద్ధగా విని "అంటే ఆపరేషనా అమ్మా?" అని అడిగింది. ఆవిడ కళ్లలో భయం నాకిప్పటికీ గుర్తుంది. అంతసేపు నేను మాట్లాడింది ఆమెకు అందలేదు, నేనే చెప్పలేకపోయాను.

ఆ మాట తీసేసి "లాటరీ" అని పెట్టించాం. అదీ తప్పే అయ్యింది. లాటరీ అంటే ఒకరికి బహుమతి తగులుతుంది, మిగతావాళ్లకి తగలదు. ఒక పెద్దాయన "మంచి మందు నాకే తగలాలని సింహాద్రి అప్పన్నకి మొక్కీసినానమ్మా" అన్నాడు. మంచి మందేదో తెలిస్తే అసలు ట్రయల్ ఎందుకు? తెలియకే చేస్తున్నాం. ఇప్పుడు మా పత్రంలో ఇలా ఉంటుంది: "ఈ రెండు మందుల్లో మీ జబ్బుకి ఏది మేలో డాక్టర్లకి ఇంకా తెలియదు. అందుకే మీకు ఏ మందు ఇవ్వాలో డాక్టరు గారు ఎంచుకోరు. బొమ్మా బొరుసూ వేసినట్టు కంప్యూటరు చెబుతుంది." ఈ మూడు వాక్యాల కోసం ఎథిక్స్ కమిటీ చుట్టూ రెండుసార్లు తిరిగాను. నేను చేసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

చదువురాని వాళ్లయితే మనకు సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండాలి. మొత్తం చదివి వినిపించాక వేలిముద్ర, సాక్షి సంతకం, ఒక కాపీ వాళ్ల చేతికి. ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చేవాళ్లలో ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు సరిగ్గా అందనివాళ్లుంటారు. ఆ భాష వచ్చిన మనిషి దొరక్కపోతే ఆ రోజు సమ్మతి తీసుకోను. సంఖ్య పూర్తి కావాలని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా తీసుకోను. వద్దన్నవాళ్లని నేనే డాక్టరు గారి గది దాకా తీసుకెళ్లి చూపించి పంపిస్తాను. వద్దన్నందుకు ఎవరికీ కోపం లేదని వాళ్లకి తెలియాలి కదా.

మీ నాయనమ్మ ఊరికే అనలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు గురించి అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. హాస్టల్ పిల్లల తరఫున తల్లిదండ్రులు కాక వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత జరిగిన మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పని తేలింది, 2010లో ప్రాజెక్టు ఆపేశారు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను మొదటి వారంలోనే ఈ సంగతి చెబుతాను. దాచి ప్రయోజనం లేదు.

ఇప్పటి నిబంధనలు 2019లో వచ్చాయి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి. వాళ్లలో సగం మంది బయటివాళ్లు, ఒక మామూలు మనిషి, ఒక మహిళ తప్పకుండా ఉండాలి. ట్రయల్ వివరాలు సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే వెబ్‌సైట్) అందరూ చూసేలా నమోదు చెయ్యాలి. రోగికి ప్రమాదకరమైనది ఏం జరిగినా 24 గంటల్లో నివేదించాలి, ఆలస్యమైతే కారణం రాసి పంపాలి. ఏం జరిగినా అంటే నిజంగా ఏం జరిగినా. మా స్టడీలో ఉన్నాయన ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బండి మీద నుంచి పడి వేరే ఆసుపత్రిలో చేరాడు. మందుకీ దానికీ ఏం సంబంధం అని అందరూ అన్నారు. బీపీ మందు వల్ల తల తిరిగి పడ్డాడేమో అప్పటికి ఎవరికి తెలుసు? ఆ రాత్రే రిపోర్టు పంపాం.

ఇక నీ ఫోన్ సంగతి. మందు మొదలుపెట్టడం తేలిక. ఏడాది, రెండేళ్లు ఆ మనిషిని వదలకుండా చూసుకోవడం కష్టం. పెద జాలరిపేట నుంచి వచ్చే ఒక మత్స్యకారుడు "మూడింటికే బోటెక్కీస్తాను తల్లీ, పరగడుపున రగతం అంటే ఎలాగ?" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఇబ్బంది లేదు. మిగతా కాలం ఆయన భార్యకి ఫోన్ చేసి, వలలు బాగుచేసుకునే రోజేదో కనుక్కుని, ప్రోటోకాల్ (స్టడీ నియమావళి) ఒప్పుకునే ఏడు రోజుల లోపలే రప్పించేదాన్ని. రెండేళ్లలో ఒక్క విజిట్ తప్పలేదు. ఆయన బీపీ కంటే ఆ భార్య సహాయం గురించి ఎక్కువ చెప్పాలని ఉంటుంది నాకు.

హుద్‌హుద్ గుర్తుందా? నువ్వప్పుడు చిన్నపిల్లవి. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటింది, కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. మా ఫ్రిజ్‌లో ఒక ట్రయల్ ఇంజక్షన్లున్నాయి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ గదికి జనరేటర్ లైన్ లేదు. మా ఫార్మసిస్టు, నేను చెట్లు పడిన రోడ్ల మీద నడిచి చేరేసరికి ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్‌లో 14 చూపిస్తోంది. ఊళ్లో ఐస్ దొరకలేదు. ఆ పెట్టెలన్నీ పక్కన పెట్టి "వాడరాదు" అని రాసి సీలు వేశాం. ఎంత ఖరీదైన మందో తెలుసు, చేతులు వణికాయి. కానీ చెడిందో లేదో తెలియని మందు మనిషికి ఎలా ఇస్తాం? ఫోన్లు లేవు గనక వారం రోజులు స్కూటీ మీద రోగుల ఇళ్లకే తిరిగాను. రెండు ఇళ్లకి పైకప్పు లేదు. అక్కడ మాత్రల లెక్క అడగలేదు, బాగున్నారో లేదో కనుక్కుని వచ్చేశాను. విజిట్ తప్పిన కారణం దగ్గర "తుపాను" అని రాసుకున్నాను.

కంపెనీ నడిపే ట్రయల్స్‌కీ మనలాంటి ఆసుపత్రులు నడిపే అకడమిక్ ట్రయల్స్‌కీ తేడా చెబుతాను. అకడమిక్ ట్రయల్ అంటే ఇప్పటికే అనుమతి ఉన్న మందుని కొత్త జబ్బుకో కొత్త మోతాదులోనో పరీక్షించడం. మార్కెట్‌లో అమ్ముకునే అనుమతి కోసం కాదు. టాటా మెమోరియల్ వాళ్లు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు కణితి చుట్టూ లిగ్నోకెయిన్, అదే పళ్ల డాక్టరు ఇచ్చే మత్తు ఇంజక్షన్, ఇచ్చి చూశారు. దేశంలో 11 కేంద్రాలు, పదిహేను వందల మంది పైగా మహిళలు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఇంజక్షన్ ఇచ్చినవాళ్లలో నూటికి 90.1, ఇవ్వనివాళ్లలో 86.4. 2023లో అచ్చయింది. అంత చవకైన మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? మన అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఆ టాటా సంస్థదే, అందుకే ఇది చదివినప్పుడు సొంతవాళ్ల సంగతి చదివినట్టనిపించింది.

పనిచెయ్యదని తేల్చడం కూడా అంతే ముఖ్యం. కోవిడ్‌లో, జబ్బు తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసి ఎక్కించే ప్లాస్మా మీద ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్లాసిడ్ అనే ట్రయల్ నడిపింది. 39 ఆసుపత్రులు, 464 మంది రోగులు. జబ్బు ముదరడం గానీ చావులు గానీ తగ్గలేదని 2020 అక్టోబరులో అచ్చయింది. అయినా 2021 ఏప్రిల్‌లో మా పెదనాన్నగారబ్బాయి వాళ్ల నాన్నకి ప్లాస్మా దాత కోసం రాత్రంతా ఊరంతా తిరిగాడు. నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఫలితం తెలిసి కూడా "వద్దురా" అని చెప్పే ధైర్యం నాకు ఆ రాత్రి రాలేదు. మేలో మార్గదర్శకాల నుంచి ప్లాస్మాని తీసేశారు. ఆ తిరుగుడు మానేసి వాడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఉండాల్సింది.

కష్టాలూ చెప్పాలి. ప్రాజెక్టు అయిపోతే కాంట్రాక్టు అయిపోతుంది, తర్వాతది మొదలయ్యేలోపు నేను మూడు నెలలు జీతం లేకుండా ఉన్నాను. గ్రాంటు ఆలస్యమైతే జీతమూ ఆలస్యం. ఇవి ముందే అడుగు. మీ నాన్నగారన్నట్టు ఫైళ్లు మోస్తావు, నిజమే. ఆ ఫైల్లో ఒక మనిషి రెండేళ్ల ఆరోగ్యం ఉంటుంది.

సీతమ్మధార_లెక్కలు

పైన అక్క చెప్పినదానికి లెక్కల వైపు నుంచి కొంచెం కలుపుతాను. ట్రయల్స్ డేటా చూసే స్టాటిస్టీషియన్‌ని.

విజిట్ తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. ఒక ఉదాహరణ. ఎనాలప్రిల్ రకం బీపీ మందులకి కొందరిలో పొడి దగ్గు వస్తుంది. ఒక గుంపులో వంద మందికి ఆ మందు ఇచ్చాం అనుకోండి. దగ్గు పట్టలేక పదిహేను మంది మందు మానేసి రావడం కూడా మానేశారు. మిగిలిన ఎనభై ఐదు మందినే లెక్కేస్తే మందు అద్భుతంగా కనిపిస్తుంది, ఎందుకంటే పడనివాళ్లు లెక్కలోంచే జారిపోయారు. అందుకే మందు వాడినా మానేసినా ఎవరు ఏ గుంపులో చేరారో ఆ గుంపులోనే లెక్కిస్తాం. కానీ వాళ్ల బీపీ ఎంతో ఎవరో ఒకరు వెళ్లి కనుక్కుంటేనే కదా నేను లెక్కెయ్యగలిగేది. నా కంప్యూటర్‌లో ఖాళీ గడిని ఏ ఫార్ములాతోనూ నిజంగా నింపలేను.

ఇంకొకటి, కొత్తవాళ్లకి తప్పకుండా చెప్పే మాట. ఊహించి ఏదీ రాయొద్దు. ఒకసారి ఒక కేంద్రం నుంచి వచ్చిన బీపీలన్నీ 130/80, 140/90, 120/80 ఇలాగే ఉన్నాయి. మెషీన్ కొలిస్తే చివరి అంకె అన్నిసార్లూ సున్నా రాదు. ఎవరో గుండ్రంగా రాసేస్తున్నారు. అడిగితే "మెషీన్ పాడైంది సార్, పాత పద్ధతిలో చూసి దగ్గర్లో రాశాం" అన్నారు. పాడైందని ఆ రోజే చెప్పుంటే ఇంకో మెషీన్ పంపేవాళ్లం. నాలుగు నెలల డేటా పక్కన పెట్టాల్సొచ్చింది, ఆ రోగులు ఎండలో బస్సెక్కి వచ్చిన శ్రమంతా పోయింది. నాకు ఇప్పటికీ బాధే.

తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టండి. వైట్‌నర్ ముట్టుకోవద్దు.

గాజువాక_కొడుకు

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఇలాంటి ఒక ట్రయల్‌లో రెండేళ్లు ఉన్నారు. ఎక్కడో చెప్పను. చూసుకున్నంత కాలం బాగానే చూసుకున్నారు, కోఆర్డినేటర్ అమ్మాయి పండగలకి కూడా ఫోన్ చేసేది. నాన్న ఆ అమ్మాయి కోసమే డేట్ తప్పకుండా వెళ్లేవారు.

నా బాధ ఒకటే. ట్రయల్ అయిపోయాక ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. నాన్న ఏడాది పాటు "నేను వాడిన మందు మంచిదేనా, ఏమన్నా తెలిసిందా" అని అడుగుతూనే ఉన్నారు. నేను ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మానేసిందన్నారు, కొత్తవాళ్లకి తెలియదన్నారు. రక్తం ఇచ్చినప్పుడు ఆయన ముఖ్యమైన మనిషి, అయిపోయాక ఎవరూ కాదు. మీరు ఆ ఉద్యోగంలో చేరితే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

పెద్దవాల్తేరు_అక్క

తమ్ముడూ, మీ నాన్నగారు అడిగింది న్యాయం. ఇది మా రంగంలో జరుగుతున్న తప్పు, నేనూ చేశాను. నా మొదటి స్టడీలో ఉన్న ఒక్కరికి కూడా ఫలితం చెప్పలేదు. ఫలితం వచ్చేసరికి గ్రాంటు అయిపోయింది, మేం వేరే ప్రాజెక్టులో పడిపోయాం. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

పోయిన స్టడీ నుంచి మేం మార్చాం. ముగింపు ఉత్తరం ఖర్చుని మొదటి రోజే బడ్జెట్‌లో రాయిస్తున్నాం. ఒక పేజీ తెలుగు ఉత్తరం, పెద్ద అక్షరాల్లో. మీరు ఏ మందు గుంపులో ఉన్నారు, ఏం తేలింది, ఇప్పుడు మీ డాక్టర్ని ఏం అడగాలి. చదవలేనివాళ్లకి ఫోన్‌లో చెబుతున్నాం. కొన్ని ఉత్తరాలు ఇల్లు మారారని వెనక్కి వచ్చాయి, వాటిని టేబుల్ మీద పెట్టుకుని ఒక్కొక్కరి నంబరూ వెతుకుతున్నాను. మీ నాన్నగారి దగ్గర సమాచార పత్రం కాపీ ఉంటే దాని మీద సీటీఆర్‌ఐ నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరుతో వెతికితే బాధ్యుడైన డాక్టరు పేరు, ఫోన్ దొరుకుతాయి. ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి ఫోన్ నంబరు కూడా పత్రంలోనే ఉంటుంది. ఆయనకి నేరుగా ఉత్తరం రాయండి, జవాబు అడిగే హక్కు మీకుంది.

చెల్లీ, శుక్రవారం లోపు నువ్వొక పని చెయ్యి. ఆ యూనిట్‌కి వెళ్లి తెలుగు సమాచార పత్రం ఖాళీది ఒకటి చూపించమని అడుగు. తీసుకొచ్చి మీ నాయనమ్మకి చదివి వినిపించు.

అనకాపల్లి_అమ్మాయి

అక్కా, అందరికీ చాలా థాంక్స్. నిన్న వెళ్లి పత్రం అడిగాను. వెంటనే ఇచ్చారు. నాలుగు పేజీలు. రాత్రి నాయనమ్మ మంచం పక్కన కూర్చుని మొత్తం చదివాను.

ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆపింది. "ఇష్టం లేకపోతే మధ్యలో మానీవొచ్చని నిజంగా రాసుందా?" అని ఒకసారి. ఉందని వేలు పెట్టి చూపించాను. చదవడం రాకపోయినా ఆ వరస వైపు చాలాసేపు చూసింది. రెండోసారి "యాదృచ్ఛికంగా" అన్న మాట దగ్గర ఆగి "అదేటి?" అంది. మీరు చెప్పిన బొమ్మా బొరుసు మాట చెప్పాను. "మరి అలాగే రాయొచ్చు కదా" అంది.

పాపం అన్న మాట మళ్లీ అనలేదు. నాన్న ఇంకా ముభావంగానే ఉన్నారు, ఆరు వేలు తక్కువన్న బాధ ఆయనకుంటుంది. నేను మాత్రం సోమవారం చేరుతున్నాను. ఆ మాట మార్చాలంటే ఎంత కాలం పడుతుంది అక్కా?

పెద్దవాల్తేరు_అక్క

మీ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కార్యదర్శి ఆఫీసులో కనుక్కో. మా దగ్గర నెలకోసారి, కాయితాలు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. మార్చిన తెలుగు ప్రతితో పాటు దాన్ని మళ్లీ ఇంగ్లీషు చేసిన ప్రతి, ఎందుకు మారుస్తున్నామో ఒక ఉత్తరం జతచెయ్యి. వెర్షన్ నంబరు, తేదీ మార్చడం మర్చిపోకు. ఆమోదం వచ్చేదాకా పాత పత్రమే వాడాలి, అప్పటిదాకా ఆ మాట దగ్గర ఆగి నోటితో విడమర్చి చెప్పు.